నవ్వు ఎవరిది?

కొన్నేళ్ల క్రితం నేను పనిచేస్తున్న బడిలో వార్షికోత్సవం జరిగింది. పదో తరగతి కుర్రాళ్లు ఒక హాస్య నాటిక వేశారు. టీవీలో వారం వారం వచ్చే స్కిట్ల బాణీలో తామే రాసుకున్నారు. ఒకడు చీర కట్టి, నడుం తిప్పుతూ, గొంతు సాగదీస్తూ వచ్చాడు. ఆ వేషానికో ముద్దుపేరు కూడా పెట్టారు. బడి ఆవరణంతా నవ్వులతో హోరెత్తింది. న్యాయనిర్ణేతగా ముందు వరుసలో కూర్చున్న నేనూ నవ్వాను. సంభాషణల్లో చురుకుదనం ఉందని మెచ్చుకుని మొదటి బహుమతి ఇచ్చాను.

మర్నాటి నుంచి తొమ్మిదో తరగతిలో ఒక కుర్రాడికి ఆ వేషం పేరు స్థిరపడిపోయింది. అతని నడక, మాటతీరు తక్కిన మగపిల్లల మాదిరి ఉండకపోవడమే కారణం. వేసవి సెలవుల తర్వాత అతను బడికి రాలేదు. చాలాకాలానికి జగదాంబ జంక్షన్‌లో బస్సు కోసం నిలబడి ఉంటే తనే వచ్చి పలకరించాడు. పెళ్లిళ్లకు వంటలు చేసేవారి దగ్గర పనిచేస్తున్నాడట. చదువెందుకు మానేశావని అడిగాను. కోపం లేకుండానే చెప్పాడు: "ఆ రోజు మీరూ నవ్వారు కదండీ మాస్టారూ."

ఈ వ్యాసం ఆ మాట దగ్గర మొదలైంది. హాస్యాన్ని గురించి మనం చాలా రాశాం. ఏది ఉత్తమ హాస్యం, ఏది నీచ హాస్యం అని వర్గీకరించాం. వ్యంగ్యం పీడకుల మీద ఎక్కుపెట్టిన ఆయుధమన్నాం. కాని నవ్వు ఎవరి చేతిలో ఉంది, ఎవరి మీద పడుతోంది, నవ్వులపాలైనవాడికి తిరిగి నవ్వే వీలు ఉందా అన్న ప్రశ్నల్ని ఆడా మగా అనే రెండు గదుల్లో ఇమడని మనుషుల విషయంలో వేసుకోలేదు. ఆ ప్రశ్నలకు తన జీవితమంతా సినిమాలతో సమాధానం చెబుతూ వచ్చిన ఒక కళాకారిణి ఉంది. ఆమె అమెరికాకు చెందిన నల్లజాతి దర్శకురాలు, హాస్యనటి షెరిల్ డున్యే. ఆమె కృషిని పరిశీలించి, దాని వెలుగులో మన హాస్యాన్ని చూడడం నా ఉద్దేశం.

*

షెరిల్ డున్యే 1966లో లైబీరియాలో పుట్టింది. పెరిగింది ఫిలడెల్ఫియా నగరంలో. తాను లెస్బియన్‌నని, అంటే స్త్రీని ప్రేమించే స్త్రీనని, ఆమె మొదటి చిత్రాల నుంచి చెబుతూనే వచ్చింది. ఇటువంటి వారందరికీ కలిపి ఇంగ్లీషులో 'క్వీర్' అనే మాట వాడుతున్నారు. అది ఒకప్పుడు తిట్టు. తిట్టు తిన్నవాళ్లే దాన్ని తమ పేరుగా తీసుకుని తిట్టినవాళ్ల నోట కోర లేకుండా చేశారు. డున్యే హాస్యం పనిచేసే తీరు కూడా సరిగ్గా ఇదే.

1990లో 'జనీన్', 1991లో 'షి డోంట్ ఫేడ్', 1993లో 'ది పాట్‌లక్ అండ్ ది పాషన్' వంటి లఘుచిత్రాలతో ఆమె ప్రస్థానం మొదలైంది. చేతిలో ఉన్నవి వీడియో కెమెరా, నలుగురు స్నేహితులు, కొద్దిపాటి డబ్బు. ఆమె కెమెరా ముందు కూర్చుని నేరుగా మనతో మాట్లాడుతుంది. తన ప్రేమ వైఫల్యాలు చెబుతుంది. తడబడుతుంది, తన తడబాటుకు తనే నవ్వుతుంది. కథ నడుస్తుండగా నటులు పాత్రల్లోంచి బయటికి వచ్చి ఆ పాత్రల గురించి తమ అభిప్రాయాలు చెబుతారు. డాక్యుమెంటరీ ఎక్కడ ముగిసిందో, కల్పన ఎక్కడ మొదలైందో గీత గీయలేం. ఈ పద్ధతికి ఆమె పేరు మీదనే 'డున్యేమెంటరీ' అనే మాట పుట్టింది.

ఈ శిల్పాన్ని కేవలం చమత్కారంగా చూస్తే పొరబడతాం. నల్లజాతి లెస్బియన్ స్త్రీ అప్పటిదాకా తెరమీద కనిపించిందే అరుదు. కనిపిస్తే ఇతరులు చూపించినట్టు కనిపించింది. డున్యే కెమెరాకు ఎదురుగా కూర్చుని మన కళ్లలోకి చూస్తూ మాట్లాడినప్పుడు చూడబడే వస్తువు చూసే మనిషిగా మారుతోంది. తనమీద తాను నవ్వుకునే హక్కు కూడా ఒక హక్కేనని మనకు అప్పుడు తెలుస్తుంది. గౌరవంగా బతికే వీలున్నవాడికి ఆ హక్కు గాలిలా అందుతుంది కనుక వాడు దాన్ని గమనించడు. ఎప్పుడూ ఇతరుల నవ్వులకే గురయ్యేవాళ్లు దాన్ని సంపాదించుకోవాలి.

*

1996లో వచ్చిన 'ది వాటర్‌మెలన్ వుమన్' ఆమె మొదటి పూర్తి నిడివి చిత్రం. నల్లజాతి లెస్బియన్ దర్శకురాలు తీసిన తొలి కథాచిత్రంగా దాన్ని చరిత్రకారులు గుర్తిస్తున్నారు. ఆ సంవత్సరమే బెర్లిన్ చిత్రోత్సవంలో టెడ్డీ బహుమతి పొందింది. 2021లో అమెరికా ప్రభుత్వం శాశ్వతంగా భద్రపరచవలసిన చిత్రాల జాబితాలో చేరింది. గాజువాకలో ఒక మిత్రుడి ఇంట్లో నేను ఈ చిత్రాన్ని రెండుసార్లు చూశాను. మొదటిసారి నవ్వుతూ చూశాను. రెండోసారి నవ్వు ఎక్కడెక్కడ ఆగిపోతోందో గమనిస్తూ చూశాను.

కథ చిన్నది. ఫిలడెల్ఫియాలో షెరిల్ అనే యువతి వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే దుకాణంలో పనిచేస్తుంటుంది. ఆ పాత్ర డున్యేదే. స్నేహితురాలు టమారాతో కలిసి పెళ్లిళ్లకు వీడియోలు తీసి నాలుగు డబ్బులు సంపాదిస్తుంటుంది. సినిమా దర్శకురాలిని కావాలని ఆమె కోరిక. ఒక పాత సినిమాలో దాసి వేషం వేసిన అందమైన నల్లజాతి నటి ఆమె దృష్టిని ఆకర్షిస్తుంది. పాత్రధారుల పట్టికలో ఆ నటి పేరు లేదు. 'వాటర్‌మెలన్ వుమన్', అంటే పుచ్చకాయ మనిషి, అని మాత్రం ఉంది. అమెరికాలో బానిసత్వం రద్దయిన తర్వాత నల్లవాళ్లను సోమరులుగా, తిండిపోతులుగా ఎగతాళి చేయడానికి తెల్లవాళ్లు పుచ్చకాయ బొమ్మను వాడుతూ వచ్చారు. అంటే ఆ నటి పేరున్న చోట ఒక వెటకారం మిగిలింది. అసలామె ఎవరు? ఆమె పేరేమిటి? షెరిల్ కెమెరా పట్టుకుని వెతకడం మొదలుపెడుతుంది.

వెతుకులాట అంతా హాస్యమే. గ్రంథాలయంలో గుమాస్తా జాబితాలు తిరగేసి ఏమీ లేదంటాడు. స్త్రీల చరిత్రను భద్రపరిచామని చెప్పుకునే ఒక సంస్థకు వెళితే అక్కడ కాగితాలన్నీ పెట్టెల్లో గుట్టలుగా పడి ఉంటాయి. కమీల్ పాగ్లియా అనే ప్రసిద్ధ విమర్శకురాలు తన పాత్ర తానే పోషించింది. దాసి పాత్ర గురించి, పుచ్చకాయ గురించి అడిగితే తన ఇటాలియన్ పూర్వీకుల వంటిళ్లను ఉదాహరిస్తూ ధారాళంగా సిద్ధాంతాలు చెబుతుంది. వినడానికి అవి ఎంత బాగుంటాయో, అడిగిన మనిషి బాధకు అంత దూరంగా ఉంటాయి. ఆ దృశ్యం చూస్తూ నేను నవ్వాను గాని లోపల ఉలిక్కిపడ్డాను. తెలియని జీవితాల మీద తెలిసిన సిద్ధాంతాన్ని పరిచేసి నిద్రపోయే అలవాటు మన విమర్శకులకు మాత్రం లేదా?

నవ్వు ఆగిపోయే చోటు ఇంకొకటి. షెరిల్ కెమెరా పట్టుకుని వీధిలో నడుస్తుంటే ఇద్దరు పోలీసులు ఆపుతారు. ఆమెను మగవాడనుకుంటారు. ఆ పరికరం ఎక్కడో కొట్టుకొచ్చిందనుకుంటారు. దృశ్యం చాలా చిన్నది, ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. రంగు, పేదరికం, లింగం అనే మూడు అనుమానాలు ఒకే శరీరం మీద ఒకేసారి ఎలా పడతాయో ఆ నిమిషంలో అర్థమవుతుంది. మన రావిశాస్త్రిగారి కథల్లో నవ్వుతూ నవ్వుతూ ఉండగా హఠాత్తుగా న్యాయస్థానం తలుపు మన ముఖం మీద మూసుకుంటుంది. విశాఖ కోర్టుల్లో వకీలుగా చూసినదాన్నే 'ఆరు సారా కథలు'గా మలచిన రచయిత ఆయన. ఆయన నవ్వు ఎప్పుడూ బోనులో నిలబడ్డవాళ్ల మీద పడలేదు. బోను కట్టినవాళ్ల మీద పడింది. డున్యే నవ్వు కూడా ఆ జాతిదే.

చివరికి ఆ నటి పేరు ఫే రిచర్డ్స్ అని తెలుస్తుంది. ఒక తెల్లజాతి దర్శకురాలితో ఆమెకు ప్రేమ నడిచిందనీ, జీవితంలో చివరి ఇరవై ఏళ్లు జూన్ అనే నల్లజాతి స్త్రీతో గడిపిందనీ బయటపడుతుంది. జూన్ షెరిల్‌కు ఉత్తరం రాస్తుంది. ఆ తెల్లదర్శకురాలిని కథలోకి లాగవద్దని కోప్పడుతుంది. చరిత్రను తవ్వితీసేవాళ్లు కూడా పేరున్నవాళ్ల వెలుగులోనే పేరులేనివాళ్లను చూపిస్తారన్న అభియోగం ఆ కోపంలో ఉంది. దర్శకురాలు తనమీద తానే మోపుకున్న అభియోగమది.

చిత్రం ముగిశాక తెరమీద అసలు సంగతి చెబుతారు. ఫే రిచర్డ్స్ అనే నటి లేదు. అంతా కల్పన. మనం చూసిన పాత ఫొటోలన్నీ, సుమారు 80 దాకా, ఈ చిత్రం కోసమే జో లెనర్డ్ అనే ఛాయాచిత్రకారిణి తీసినవి. అక్షరాలు లేని చోట తన చరిత్రను తానే రాసుకోక తప్పలేదని డున్యే చెబుతుంది.

*

చరిత్ర లేకపోతే కల్పించవచ్చునా? భౌతికవాదులమైన మనం దీన్ని ఎలా అంగీకరిస్తాం? ఈ సందేహం న్యాయమైనదే. అయితే రెండు విషయాలు గమనించాలి. మొదటిది, డున్యే మోసం చేయలేదు. కల్పనను కల్పన అని తెరమీదే చెప్పింది. రెండవది, ఆమె కల్పించినది వ్యక్తిని మాత్రమే, పరిస్థితిని కాదు. 1939లో వచ్చిన 'గాన్ విత్ ది విండ్'లో దాసి వేషం వేసిన హాటీ మెక్‌డానియల్ ఆస్కార్ పొందిన తొలి నల్లజాతి కళాకారిణి. 1940లో ఆ బహుమతి అందుకున్న రాత్రి ఆమెను తోటి నటులకు దూరంగా వేరే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఇది చరిత్ర. అంత పేరున్న నటికే అది గతి అయితే పేరు కూడా దక్కని దాసి వేషాలెన్ని ఉండి ఉంటాయి? ఫే రిచర్డ్స్ ఆ లెక్కలేని వారందరికీ పెట్టిన పేరు. మన కథకులు చేసే పని ఇదే కదా. వ్యక్తి కల్పితం, వర్గం యథార్థం.

ఈ ప్రశ్న మనకూ దూరం కాదు. 1913లో వచ్చిన 'రాజా హరిశ్చంద్ర'లో తారామతి వేషం వేసినవాడు అన్నా సాలుంకే అనే మగవాడు. తెలుగు రంగస్థలం మీద స్థానం నరసింహారావుగారు సత్యభామగా, చింతామణిగా, మధురవాణిగా జీవించారు. 1956లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. ఇటువంటి నటులను గురించి మనకు గ్రంథాలున్నాయి, జ్ఞాపకాలున్నాయి. ఊరూరా తిరిగిన చిన్న నాటక సమాజాల్లో, జాతరల్లో, భాగవతాల్లో ఆడవేషం వేసి, వేషం తీశాక కూడా తన లోపలి స్త్రీ పోనివాడు ఎవరైనా ఉన్నాడా? ఉంటే తెర వెనక ఎలా బతికాడు? మన సాహిత్యంలో అతని గురించి ఒక్క పుట వెతికిపెట్టమని ఎవరైనా అడిగితే, షెరిల్‌కు గ్రంథాలయ గుమాస్తా చెప్పిన సమాధానమే మనమూ చెప్పాలి.

వేషానికి చప్పట్లు కొట్టిన సమాజమే మనిషిని ఎలా చూసిందో ఒక చట్టం సాక్ష్యం చెబుతుంది. నిజాం రాజ్యంలో 1329 ఫస్లీలో, అంటే 1919లో, హిజ్రాల మీద ఒక చట్టం తెచ్చారు. వాళ్ల పేర్లు రిజిస్టరులో రాయాలి. ఆడ దుస్తులతో వీధిలో కనిపించినా, బహిరంగంగా పాడినా, ఆడినా వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. ఈ చట్టాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టివేసింది 2023లో. నూరేళ్ల పైచిలుకు అది పుస్తకాల్లో బతికే ఉంది. చీర కట్టి పాడడం ఒకరికి కళ, ఇంకొకరికి నేరం. టిక్కెట్టు కొన్న ప్రేక్షకుడి ముందు, వేషం తీసేస్తానన్న హామీతో చేస్తే కళ. తన బతుకుగా చేస్తే నేరం.

*

మన హాస్య సంప్రదాయమంతా ఇంతేనా? కాదు. ఇక్కడ గురజాడను తలుచుకోక తప్పదు. 'కన్యాశుల్కం' నాటకంలో కథను తిప్పేదే ఆడవేషం. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి లుబ్ధావధాన్లకు కట్టబెడతాడు. చివర మధురవాణి మగవేషంలో సౌజన్యారావు పంతులు ముందుకు వస్తుంది. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడిన ఈ నాటకంలో ఆ రెండు వేషాలకూ మనం నవ్వుతాం. కాని ఎవరిని చూసి? చీర కట్టిన కుర్రవాణ్ణి చూసి కాదు. డబ్బిచ్చి పసిపిల్లను కొనుక్కునే ముసలివాణ్ణి చూసి. ఆ వేషం ఒక తూనికరాయి. దానితో తూచినది కన్యాశుల్కం అనే దురాచారాన్ని, పెద్దమనుషుల నీతిని. మగవేషంలోని మధురవాణి ముందు నిలబడితే సంస్కర్త అంతటివాడి నీతి కూడా తూకానికి వస్తుంది.

ఈ తూనికరాయిని మన సినిమా ఎక్కడ పారేసుకుందో గాని, నేను చూస్తూ పెరిగిన హాస్యంలో తిరగబడిన తూకం కనిపిస్తుంది. నడకలో, మాటలో మెత్తదనం ఉన్న మగవాడు తెరమీదికి రాగానే వెనక ఒక ప్రత్యేకమైన సంగీతం మోగుతుంది. నాయకుడు భయం నటిస్తూ వెనక్కి తగ్గుతాడు. ఎవరో 'తేడా' అంటారు, హాలు గొల్లుమంటుంది. తేడా అనే మాటకు తెలుగులో భేదం అని అర్థం, తప్పు అని కాదు. సాటి మనిషిలోని భేదాన్ని నేరంగా మార్చే పనికి మన సంభాషణ రచయితలు ఒక మంచి మాటను చెడగొట్టారు. ఈ నవ్వులో అధికారం మీద ఎక్కుపెట్టినది ఏదీ లేదు. ఊరందరూ కలిసి ఒక్కణ్ణి తరిమే నవ్వు అది.

2013లో ఈటీవీలో మొదలైన 'జబర్దస్త్' తర్వాత ఆడ గెటప్పు వారానికోసారి ఇంటింటికీ వచ్చింది. ఆ నటుల్లో చాలామంది పేద కుటుంబాల నుంచి వచ్చిన నిజమైన ప్రతిభావంతులు. వారిని నిందించడం నా ఉద్దేశం కాదు. తమ శ్రమను అమ్ముకోవడానికి సంతలో ఏ సరుకు చెల్లుతుందో ఆ సరుకే వాళ్లు తయారుచేస్తారు. నన్ను ఆలోచింపజేసింది వేరొకటి. ఆ వేదిక మీద ఆడ గెటప్పుల్లో ప్రేక్షకులను నవ్వించిన ఒకరు తర్వాత తనను తాను స్త్రీగా ప్రకటించుకుని, ప్రియాంకా సింగ్ అనే పేరుతో 2021లో బిగ్‌బాస్ తెలుగు ఐదవ సీజన్‌లోకి వచ్చారు. అంతకుముందు వేషంగా చూసి నవ్విన ప్రేక్షకులు ఇప్పుడు మనిషిని చూడవలసివచ్చింది. ఇది చిన్న మార్పు కాదు. అయితే ఆ కథ చెప్పిన కెమెరా, కూర్పు, సంగీతం, సమయం అన్నీ కంపెనీవే. నవ్వించిన మనిషి తన కథను తానే తీసి, తానే కూర్చి, ఎక్కడ నవ్వాలో తానే నిర్ణయించే రోజు తెలుగులో రావలసి ఉంది. డున్యేకు, మనకూ మధ్య ఉన్న దూరం ప్రతిభలో లేదు, ఇక్కడ ఉంది.

*

ఆ కుర్రవాణ్ణి తర్వాత మరోసారి కలిసినప్పుడు ఈ సినిమా సంగతి చెప్పాను. శ్రద్ధగా విని ఒక్క ప్రశ్న వేశాడు. "ఆవిడకి కెమెరా ఎవరిచ్చారండీ?"

శిల్పం మీద ఉపన్యాసం సిద్ధం చేసుకున్న నాకు ఆ ప్రశ్న దారి చూపింది. ఉత్పత్తి సాధనాలు ఎవరివి అన్న పాఠం మనం చెబుతాం. కాని సినిమా సమీక్ష రాసేటప్పుడు మరిచిపోతాం. డున్యే ప్రస్థానాన్ని డబ్బు వైపు నుంచి చూస్తే ఆమె శిల్పం కూడా ఇంకా బాగా అర్థమవుతుంది.

'ది వాటర్‌మెలన్ వుమన్' సుమారు 3 లక్షల డాలర్లతో తయారైంది. హాలీవుడ్ లెక్కలో అది చిల్లర. అందులో 31,500 డాలర్లు అమెరికా ప్రభుత్వ కళాసంస్థ ఇచ్చిన గ్రాంటు. ప్రజల సొమ్ము ఇటువంటి చిత్రానికా అని పీటర్ హోక్‌స్ట్రా అనే కాంగ్రెస్ సభ్యుడు గొడవ లేవదీశాడు. వాళ్లూ ప్రజలే కదా, పన్ను కడుతున్నారు కదా అన్న ఆలోచన అతనికి రాలేదు.

2001లో హెచ్‌బీఓ కోసం 'స్ట్రేంజర్ ఇన్‌సైడ్' తీసింది. తల్లిని వెతుక్కుంటూ జైలుకు చేరిన కూతురి కథ. ఇక్కడ డబ్బు కంపెనీది అయినా వస్తువు మీద ఆమె పట్టు సడలలేదు. 2004లో మిరామాక్స్ కోసం 'మై బేబీస్ డాడీ' తీసింది. ముగ్గురు మిత్రులు ఒకేసారి తండ్రులయ్యే హాస్యకథ. ఇందులో డున్యే గొంతు వినబడదు. కెమెరా ఆమె చేతిలో ఉన్నా నవ్వు మీద నిర్ణయం ఆమెది కాదు. ఇది ఆమె వైఫల్యమని తోసెయ్యడం తేలిక. హాస్యం యజమానిని బట్టి ఎలా మారుతుందో చెప్పే పాఠంగా చదవడం ఉపయోగకరం.

తర్వాత ఆమె మళ్లీ చిన్న డబ్బు వైపు, స్నేహితుల వైపు నడిచింది. 2010లో 'ది ఔల్స్' సమష్టి కృషిగా తయారైంది. అందులో ఆమె నటించింది కూడా. 2014లో తీసిన 'బ్లాక్ ఈజ్ బ్లూ' ఓక్లాండ్‌లో కాపలాదారుగా పనిచేసే ఒక ట్రాన్స్ పురుషుడి కథ. కడుపు కోసం చేసే ఉద్యోగం, దాచుకున్న గతం, చుట్టూ ధర పెరిగిపోతున్న నగరం అందులో ఒకే చోట కలుస్తాయి. కాలేజీల్లో పాఠాలు చెప్పింది. ఈ మధ్య కాలంలో 'క్వీన్ షుగర్', 2020లో 'లవ్‌క్రాఫ్ట్ కంట్రీ' వంటి టీవీ ధారావాహికలకు దర్శకత్వం వహించింది. ఒకసారి కంపెనీలో కూలి, ఒకసారి సొంత సేద్యం. మన పల్లెల్లో చిన్న రైతు బతుకు ఇలాగే నడుస్తుంది. కూలి డబ్బుతో తన చెక్కను నిలబెట్టుకుంటాడు. డున్యే నిలబెట్టుకున్న చెక్క 'ది వాటర్‌మెలన్ వుమన్'తో మొదలైన ఆ సొంత గొంతు.

కనుక ఆ కుర్రవాడి ప్రశ్నకు నా సమాధానం: ఎవరూ ఇవ్వలేదు. సినిమాలోని షెరిల్ పెళ్లి వీడియోలు తీసి సంపాదించుకుంది. బయటి డున్యే గ్రాంటుతో, స్నేహితులతో, పాఠాలు చెప్పిన జీతంతో, కంపెనీ పనితో సంపాదించుకుంది.

*

మన విశాఖలో ఇది సాధ్యమా? ఒక ఉదాహరణ ఉంది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు వయోజనుల పరస్పర అంగీకారంతో కూడిన స్వలింగ ప్రేమను 377వ సెక్షన్ కింద నేరంగా చూడరాదని తీర్పు ఇచ్చింది. మర్నాడు, సెప్టెంబరు 7న, 'కేరాఫ్ కంచరపాలెం' విడుదలయింది. రెండింటికీ సంబంధం లేదు. నాకు మాత్రం ఆ రెండు తేదీలూ పక్కపక్కన గుర్తుంటాయి. వెంకటేష్ మహా దర్శకత్వం వహించిన ఆ చిత్రంలో పేరున్న తారలు లేరు. కంచరపాలెం వాసులే ఎక్కువమంది నటులు. నిర్మాత ప్రవీణ పరుచూరి స్వయంగా ఒక పాత్ర వేసింది. మన యాస మొదటిసారి వెటకారం కాకుండా తెరమీద మాట్లాడింది. అంతకుముందు ఉత్తరాంధ్ర యాసను సినిమాల్లో పనిమనిషికో, అమాయకుడికో పెట్టి నవ్వించేవారు. అదే యాస మాట్లాడే మనుషుల చేతిలో నవ్వు పెడితే ఆ నవ్వు రుచే మారిపోయింది.

ఆ చిత్రంలో నాలుగు ప్రేమకథలున్నాయి. కులం, మతం, వయసు, వృత్తి అడ్డుపడిన నాలుగు ప్రేమలు. నాలుగూ స్త్రీ పురుషుల ప్రేమలే. దాన్ని లోపంగా ఎత్తిచూపడం లేదు. ఒక్క చిత్రం అన్నీ చెప్పలేదు. ఆ దారిన అయిదో కథ చెప్పేవాళ్లు రావచ్చునని మాత్రం అంటున్నాను. తీర్పుతో అన్నీ తీరిపోలేదు కూడా. 2023 అక్టోబరులో అదే న్యాయస్థానం స్వలింగ వివాహాలకు చట్టబద్ధత ఇవ్వడం తన పని కాదంది. చట్టం నేరం కాదన్న ప్రేమను సమాజం ఇంకా హాస్యమనే అంటోంది.

ఇదంతా పాశ్చాత్య నాగరికత తెచ్చిన గొడవ, కూడూ గుడ్డా లేని ప్రజల సమస్య కాదు అనే మిత్రులున్నారు. ఈ వాదన మనకు కొత్త కాదు. స్త్రీవాదం వచ్చినప్పుడు అన్నాం. దళితవాదం వచ్చినప్పుడూ అన్నాం. 1993లో 'నీలిమేఘాలు', 1995లో 'చిక్కనవుతున్న పాట' వచ్చాక మనమే దిద్దుకున్నాం. ఇప్పుడు మళ్లీ అదే తప్పు చేయనవసరం లేదు. చదువు మానేసి పెళ్లిళ్లలో గరిటె తిప్పుతున్న ఆ కుర్రవాడిది కూడూ గుడ్డా సమస్య కాకపోతే ఇంకేమిటి? అవమానం అతని చదువును తినేసింది, చదువు లేకపోవడం అతని కూలిరేటును నిర్ణయించింది. 1970లో శ్రీశ్రీ షష్టిపూర్తి సందర్భంలో ఈ ఊరి విద్యార్థులే రచయితలను మీరు ఎటువైపు ఉన్నారని నిలదీశారు. ఆ ప్రశ్నకు కాలం చెల్లలేదు. నవ్వే సమయంలో కూడా మనం ఏదో ఒకవైపు ఉంటాం.

రచయితలను, ముఖ్యంగా విద్యార్థులను, నేను కోరేది కొంచెమే. హాస్యం రాసేటప్పుడు ఆ నవ్వు ఎవరి మీద పడుతోందో ఒకసారి పరీక్షించండి. గురజాడ తూనికరాయి మన దగ్గరే ఉంది, బయట వెతకనక్కర లేదు. ఈ మనుషుల గురించి జాలికథలు రాయడం కంటే వాళ్లు రాసినది అచ్చువేయడం మేలు. వాళ్లు తమమీద తాము నవ్వుకుంటే మనం సవరించబోవద్దు. మనమీద నవ్వితే ఓర్చుకుందాం. పాగ్లియా అనే విమర్శకురాలు తన పాత్రను తానే వేసి తనమీద నవ్వనిచ్చింది. ఆ పాటి ధైర్యం మనకూ ఉండాలి.

మా బడిలో ఇప్పుడు వార్షికోత్సవ నాటికలను ముందుగా చదివే పని నేనే అడిగి తీసుకున్నాను. పిల్లలు రాసిన హాస్యాన్ని కొట్టివేయడం లేదు. ఈ మాటకు మన బడిలో ఎవరు నవ్వరు అని అడుగుతున్నాను. వాళ్లు ఆలోచిస్తారు. ఒక్కోసారి వాళ్లే మార్చుకుంటారు, అప్పుడు నాటిక మరింత నవ్వు పుట్టిస్తుంది. ఆనాటి మొదటి బహుమతి పత్రం మీద నా సంతకం అలాగే ఉంది. దాన్ని వెనక్కి తీసుకోలేను కనుక ఈ వ్యాసం రాశాను.